బషీర్‌బాగ్‌లో ఆగిన గళము

పెద్దముడియం నల్లరేగడి చేల నడుమ పెరిగిన మాకు హిందుస్తానీ సంగీతము దూరపు బంధువు వంటిది. పేరు విన్నామేగాని ముఖపరిచయము లేదు. ఒకనాటి రాత్రి మిత్రులము కొందరము కూడి ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ గారి రికార్డులు విన్నాము. మొదట ఖయాల్, పిదప ఠుమ్రీ. ఒకే చిన్న పాదమును ఆయన పలుమార్లు పలికినారు. ఏ ఒక్కమారును వెనుకటి వలె లేదు. ఆ ఠుమ్రీలోని విరహమునకు భాష తెలిసినవారును, తెలియనివారును ఒక్కటిగా మౌనము వహించినాము. ఆ మహనీయుని జీవితమును తెలుసుకొనవలెనను కోరిక నాడే కలిగినది.

ఆయన 1902లో పంజాబులోని కసూరులో జన్మించినారు. తండ్రి అలీబక్ష్ ఖాన్ గారు, తండ్రి సోదరులు కాలేఖాన్ గారు ఆయనకు గురువులు. యౌవనమున సారంగి వాయించినను, గాత్రమే కీర్తి తెచ్చినది. ఒడిలో స్వరమండలమును మీటుచు పాడెడివారు. పటియాలా సంప్రదాయమునకు ఆయన పేరే గుర్తుగా నిలిచినది.

1947లో దేశవిభజనతో కసూరు పాకిస్తానులో చేరినది. కొంతకాలము అచట ఉండి, ఆయన భారతదేశమునకు తిరిగివచ్చి, 1957లో ఇచటి పౌరసత్వమును పొందినారు. ఇస్లామును నమ్మిన ఆ గళమే హరినామ భజనను తన్మయముగా ఆలపించినది. 1960లో విడుదలైన మొఘల్-ఎ-ఆజం చిత్రములో తాన్‌సేన్ పాత్రకు గాత్రమిచ్చినారు. 1962లో పద్మభూషణ్ పురస్కారము లభించినది.

చివరి సంవత్సరములలో పక్షవాతము ఆయనను కృంగదీసినది. అయినను కుమారులు మునవ్వర్ అలీఖాన్ గారి తోడుతో పాడుట మానలేదు. 1968 ఏప్రిల్‌లో హైదరాబాదులోని బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూసినారు. పుట్టిన ఊరు పరాయిదేశమైపోయిన గాయకునికి హైదరాబాదు నేలయే కడపటి విశ్రాంతి నిచ్చినది.

ఆయనది మనోధర్మ సంగీతము. అమెరికాలో జాజ్ విద్వాంసులు తెలిసిన పాటనే చేపట్టి అప్పటికప్పుడు కొత్తగా అల్లుకొనుటయు ఇట్టిదే. అట్టి సంగీతమును కాగితముపై వ్రాసి దాచలేము. రికార్డులో నిలిచినది ఒక్కనాటి రూపము మాత్రమే. మరునాడు అదే రాగము ఆయన గళమున మరియొక రూపు దాల్చియుండును. అది మనకు దక్కలేదు.

మన ఊళ్లలో పీర్ల పండుగకును, భజన కూటములకును పాడు వృద్ధులు నేటికిని ఉన్నారు. వారి పాటయు అట్టిదే. ఆ గళములు ఆగకమునుపే చెంత కూర్చుండి వినుట మన విధి యని, నాటి రాత్రి మాకు తోచినది.