సర్ రోనాల్డు రాసు

వానలు కురిసి చెరువులు నిండగానే మన ఆర్మూరు సీమలో పసుపుచేలు పచ్చబడును. ఆ నీటితోడనే దోమలును పుట్టును. చలిజ్వరము దోమకాటువలన వచ్చునని నేడు చిన్నపిల్లలును చెప్పగలరు. ఈ రహస్యమునకు మొదటి ఆధారము దొరకినది దూరదేశమున గాదు, మన సికింద్రాబాదుననే. దానిని కనుగొన్నవాడు రోనాల్డు రాసు.

ఇతడు 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమునందలి అల్మోరాలో జన్మించెను. తండ్రి సైన్యాధికారి. బాలునకు కవిత్వమునందును చిత్రలేఖనమునందును మక్కువ. అయినను తండ్రి కోరిక ననుసరించి లండనులో వైద్యము చదివి, 1881లో భారత వైద్యశాఖలో చేరెను.

చలిజ్వరమును కలిగించు సూక్ష్మజీవిని లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు 1880లోనే రోగుల రక్తమునందు కనిపెట్టెను. కాని యది యొకరినుండి మఱియొకరి కెట్లు చేరునో తెలియలేదు. 1894లో లండనునందు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు రాసునకు ఆ జీవిని చూపి, దోమలపై తనకు గల యనుమానమును తెలిపెను.

మరుసటి యేడు రాసు సికింద్రాబాదునకు వచ్చి పరిశోధన ప్రారంభించెను. నడుమ కలరా పనిమీద బెంగుళూరునకు పోవలసివచ్చినను, 1897లో మరల వచ్చెను. రోగిని కుట్టిన దోమలను కోసి సూక్ష్మదర్శినితో వెదకుచుండెను. పంకా గాలికి దోమలు చెదరిపోవునని ఉక్కలోనే కూర్చుండెడివాడు. చెమటకు యంత్రపు మరలు త్రుప్పుపట్టెను. ఎన్ని దోమలను చూచినను ఫలము లేకపోయెను. తాను కోయుచున్న బూడిదరంగు దోమలును, చారల దోమలును ఈ రోగమును మోయునవి కావని ఆయనకు తెలియదు.

ఆగస్టు మాసమున పరిచారకులు తెచ్చిన పిల్లపురుగులనుండి, రెక్కలపై మచ్చలు గల వేఱొకజాతి దోమలు వెలువడెను. రాసు కృంగక మొదటినుండి మరల ఆరంభించెను. హుసేన్ ఖాన్ అను రోగి దోమ కొక అణా చొప్పున పుచ్చుకొని వానిచే కుట్టించుకొనెను. నాలుగు దినముల పిమ్మట, ఆగస్టు 20వ తేదీన, ఒక దోమను కోయగా దాని కడుపుగోడలో నల్లని రేణువులు గల గుండ్రని కణములు కనబడెను. మరునాడు ఇంకొకదానిలో నవి మఱింత పెరిగియుండెను. జ్వరజీవి దోమలో పెరుగుచున్నదని తేలిపోయెను.

1898లో కలకత్తాలో పక్షులపై పరిశోధించి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులను చేరి కాటుద్వారా వ్యాపించునని రాసు నిరూపించెను. మనుష్యుల విషయమున ఇటలీ శాస్త్రజ్ఞులు అదే సంవత్సరమున రుజువుచేసిరి. రాసునకు 1902లో నోబెలు బహుమానమును, 1911లో సర్ బిరుదమును లభించెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన లండనులో మరణించెను.

బేగంపేటలో ఆయన పేరిట భవనము నేటికిని కలదు. దానిని చూచునప్పుడు రాసుతో పాటు, తన్ను దోమల కప్పగించుకొనిన హుసేన్ ఖానును గూడ స్మరింపుడు. తప్పుదారిని నడచితినని తెలిసినప్పుడు సిగ్గుపడి మానివేయక, మరల మొదలిడిన వానికే సత్యము చిక్కినది. లెక్క తప్పినప్పుడు పలక నవతలబెట్టు పిల్లలు దీనిని మఱువరాదు. ఇంటిచెంత నీరు నిలువనీయకుండుటయు ఆయన శ్రమకు మనము చెల్లింపవలసిన ఋణమే.