ఎర్ర మాత్ర వెనుక భీమవరం బిడ్డ
రక్తహీనతకు మందు చూపిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

సుగటూరు (కోలారు తాలూకా): ఆశా కార్యకర్త గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్ర మన పల్లెల్లో తెలియని ఇల్లుండదు. ఇనుముతో పాటు అందులో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఆ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసి చూపిన అమెరికా బృందానికి పెద్ద మన తెలుగువాడే. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

చదువు వంటబట్టని పిల్లోడు
1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో పేదరికం. చదువు మీద ధ్యాస లేక, కాశీలో అరటిపండ్లు అమ్ముకుందామని చిన్నప్పుడే ఇల్లు విడిచారని చెబుతారు. వెనక్కి తెచ్చి బడిలో కూర్చోబెట్టింది తల్లి వెంకమ్మ. మెట్రిక్ గట్టెక్కడానికి మూడుసార్లు రాయాల్సి వచ్చింది. తర్వాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఖద్దరు కట్టినందుకు తెల్లదొర ఆచార్యుడి కోపానికి గురయ్యారు. ఎంబీబీఎస్ దక్కలేదు, చిన్న పట్టా ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు.

అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం తగ్గి మనిషి ఎండిపోయే జబ్బది. ఆ దెబ్బే ఆయన్ను పరిశోధన వైపు తోసింది.

పగలు చదువు.. రాత్రి చాకిరీ
మామగారి సాయం, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ డబ్బుతో బోస్టన్ చేరారు. ఖర్చులకు చాలక రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాలు ఎత్తారు. 1925లో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి కనిపెట్టారు. 1930లో హార్వర్డ్ పీహెచ్‌డీ అందుకున్నారు. అక్కడ పదోన్నతి మాత్రం రాలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు.

ఇక వెనుదిరిగి చూడలేదు. ఫోలిక్ ఆమ్లం తర్వాత బోదకాలుకు హెట్రజాన్ వచ్చింది. మన దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో ఇంటింటికీ ఉచితంగా మింగిస్తున్న డీఈసీ మాత్ర అదే. పిల్లల రక్త క్యాన్సర్‌పై 1948లో తొలి ఆశ రేపిన అమినోప్టెరిన్ కూడా ఆ ప్రయోగశాలదే. దానికి తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ను నేడు కీళ్లవాతానికీ వాడుతున్నారు. 1948 ఆగస్టులో 53వ ఏట న్యూయార్క్ వద్ద నిద్రలోనే కన్నుమూశారు. మళ్లీ స్వదేశం చూడనే లేదు. 1995లో తపాలా శాఖ ఆయన పేరిట బిళ్ల విడుదల చేసింది.

అటకెక్కితే ఫలితం సున్నా
మందు కనిపెట్టడం సగం పనే. అది పేదింటి గడప దాటి కడుపులోకి చేరాలి. గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 మాత్రలు ఇవ్వాలన్నది కేంద్ర ప్రభుత్వ నిబంధన. వికారంగా ఉందనో, మలం నల్లగా వస్తోందనో చాలామంది మధ్యలో ఆపేస్తారు. నల్లగా రావడం ఇనుము వల్లే, భయం లేదు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. కాఫీ, టీతో మాత్రం వద్దు, నిమ్మనీళ్లయితే మేలు. ఇబ్బంది ఎక్కువైతే మానేయకుండా ఆశమ్మకో, ఆరోగ్య కేంద్రంలో డాక్టరుకో చెప్పాలి.

డబ్బున్నోళ్లు బలం మందులు కొనుక్కుంటారు. కూలికెళ్లే తల్లికి ఈ ఉచిత మాత్రే ఆధారం. రక్తం తక్కువైతే కాన్పులో తల్లి ప్రాణానికే ముప్పు. బిడ్డ బరువూ తగ్గుతుంది. అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న ఒక మనిషి శ్రమ అందులో ఉంది. దాన్ని అటక మీద పెట్టకండి.