ఏనుగుల వీరాస్వామయ్యగారు ఎక్కిన శ్రీశైలం దారి

ప్రవాసంలో ఉన్న మనవారిలో కాశీయాత్ర చేసినవారు చాలామందే ఉన్నారు. కాని నూరుమంది పరివారంతో, రైలు అనేది లేని రోజుల్లో, మద్రాసునుండి కాశీకి వెళ్లివచ్చిన తెలుగువాడు ఏనుగుల వీరాస్వామయ్యగారు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. అంత సెలవు దొరకడం ఉద్యోగస్థులమైన మనకు వింతగానే తోస్తుంది! మద్రాసులో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1856లో.

ఆ యాత్రలో కష్టమైన ఘట్టం శ్రీశైలం. నల్లమల అడవిలో ఉన్న ఆ కొండకు తూర్పున దోర్నాలనుండి ఒక దారి, ఉత్తరాన కృష్ణ దాటి పాతాళగంగ మెట్లెక్కే దారి, పడమట ఆత్మకూరునుండి మరొక దారి ఉండేవి. అయ్యగారు అహోబిలం చూసుకొని వస్తున్నారు. అటుపైన పోవలసింది హైదరాబాదుకు. కనుక ఆత్మకూరు దారే అనుకూలం. అయితే అది సులువని కాదు. నాగలూటి దాటిందంటే బండ్లు నడవవు. డోలీ మోసేవారు కావాలి, అడవి తెలిసిన చెంచులు కావాలి. పెద్దచెరువు దగ్గర నీరుంది గనుక మజిలీ అక్కడే. ఆపైన భీమునికొలను: లోయలోకి నిట్టనిలువుగా దిగి, మళ్లీ అంత ఎత్తూ ఎక్కాలి. రెడ్డిరాజులు పూర్వం మెట్లు కట్టించకపోతే ఆ చోటు ముసలివారికి అసాధ్యమే. పైగా ఆ సీమ అప్పుడు కందనూరు నవాబుది. యాత్రికులు పన్ను చెల్లించాలి.

దర్శనమయ్యాక ఆత్మకూరు వైపే దిగి, కృష్ణ దాటి, వనపర్తి మీదుగా హైదరాబాదు చేరారు. ఎక్కడ నీళ్లు, ఎక్కడ అంగళ్లు, ఏ మజిలీ ఎంత దూరం అన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లగారికి రాస్తూ వచ్చారు. వెనుక వచ్చేవారు దారి తెలియక ఇక్కట్లు పడరాదని కాబోలు. తిరుగు ప్రయాణం పూరీ, విశాఖపట్నం మీదుగా. మా గోదావరి దాటే వెళ్లారు. యానాం అప్పుడు పరాసువారి ఏలుబడిలో ఉండేది.

ఆయన 1836లో కాలంచేశారు. 1838లో ఆ జాబులు కాశీయాత్ర చరిత్రగా అచ్చయినవి.

ఇప్పుడు దోర్నాలనుండి బస్సు నేరుగా గుడిదాకా పోతుంది. అయినా ఉగాదికి కన్నడ భక్తులు నేటికీ నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా కాలినడకనే కొండెక్కుతున్నారు.