నేటాలుకు వచ్చిన సేవకుడు: రెవరెండ్ జాన్ రంగయ్యగారు

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవు చేరినది. అందు వచ్చిన కూలిజనములో తెలుగువారును, వారితో కొందరు క్రైస్తవులును ఉండిరి. నాటి నుండి 1911 వరకు 1,52,000 మందికి పైగా భారతీయులు అయిదేండ్ల ఒప్పందమునకు కట్టుబడి నేటాలుకు వచ్చిరి. అనుమతి చీటీ లేనిదే తోట సరిహద్దు దాటుటకు వీలులేని బ్రతుకు వారిది. నెల్లూరు, ఒంగోలు సీమల నుండి వచ్చిన బాప్తిస్టు కుటుంబములకు ఆ తోటలలో తమ భాషలో బోధించు కాపరి లేకుండెను. చావు వచ్చినను, పెండ్లి వచ్చినను తెలుగులో ప్రార్థన చేయువాడు లేని కొరత ఎట్టిదో, అనుభవించినవారికే తెలియును. తుదకు వారు మాతృదేశమునకు లేఖలు వ్రాసి ఒక సేవకుని పంపుమని వేడుకొనిరి.

ఆ లేఖలు ఎవరికి చేరినవో గమనింపదగినది. నెల్లూరు మిషను అమెరికా బాప్తిస్టుల చేత స్థాపింపబడినది. ఏండ్ల తరబడి పనిచేసినను ఫలితము స్వల్పముగా నుండుటచే దానిని మూసివేయుదమా యని వారు ఆలోచించిరి. 1853లో, న్యూయార్క్ రాష్ట్రమున హడ్సన్ నదీతీరమునందలి ట్రాయ్ నగరమునకు సమీపమున గల ఆల్బనీలో కూడిన సభలో ఈ విషయము చర్చకు వచ్చెను. పటములో ఒంటరి నక్షత్రమువలె కనిపించిన నెల్లూరును విడువరాదని నిశ్చయించిరి. ట్రాయ్, ఆల్బనీ వంటి ఊళ్ల సంఘస్థులు నెల్లూరును కన్నులార చూచినవారు కారు, అయినను వారి కానుకలే ఆ పనిని నిలిపినవి. ఆ సభ జరిగిన అర్ధశతాబ్దమునకు, అట్టి కానుకలు పుచ్చుకొన్న నెల్లూరే మరియొక ఖండమునకు సేవకుని పంపవలసిన వంతు వచ్చినది.

ఇది తేలికైన మాట కాదు. తెలుగు బాప్తిస్టు సంఘములలో అత్యధికులు కడు బీదలు. 1876–78 నాటి ఘోరమైన క్షామము వారి ఇండ్లను తుడిచిపెట్టినది. 1878 జూలైలో వెల్లంపల్లి వద్ద ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి ప్రసిద్ధము. ఆ తరమువారును, వారి పిల్లలును కూడబెట్టిన స్వల్పమైన కానుకలతో తెలుగు బాప్తిస్టుల హోమ్ మిషన్ సంఘము నడచుచుండెను. సీమనుండి ధనము వచ్చునని వేచియుండక, తమ చేతి డబ్బుతోనే సముద్రము దాటించుటకు వారు సాహసించిరి. ఈ సాహసమునకు తగిన గౌరవము మన చరిత్రలలో లభింపలేదు.

అందుకు ఎన్నుకొనబడినవారు జాన్ రంగయ్యగారు. వీరు 1866లో క్రైస్తవ కుటుంబమున జన్మించి, ఉపాధ్యాయ వృత్తియందు స్థిరపడినవారు. వయస్సు అప్పటికి ముప్పదియారు దాటినది. భార్యాబిడ్డలు గలవారు. యువకునికి దూరదేశయానము ఉత్సాహకరము కావచ్చును గాని, సంసారము, ఉద్యోగము, ఊరిలో మర్యాద గల గృహస్థునకు అట్లు కాదు. కూలివాడు ఆకలికి తాళలేకనో, దళారి మాట నమ్మియో వ్రేలిముద్ర వేసి ఓడ ఎక్కెను. రంగయ్యగారిని తరిమిన ఆకలి లేదు, పిలిచిన ధనము లేదు. కొద్ది యేండ్లలో తిరిగి వచ్చెదనను ఆశతో గాక, ఆ తోటలవారి మధ్యనే నివసించుటకు సిద్ధపడి బయలుదేరిరి.

మరియొక విచిత్రము కలదు. 1897 నాటి నేటాలు చట్టము ప్రకారము స్వేచ్ఛగా వచ్చు భారతీయుడు ఐరోపా భాష యొకటి వ్రాయనేర్చినట్లు రుజువు చూపవలెను. ఒప్పందపు కూలికి ఈ పరీక్ష లేదు. అనగా చెరకు నరకుటకు వచ్చువానికి తలుపు తెరచియుండెను, వానికి బోధించుటకు వచ్చువానికి పరీక్ష యుండెను. రంగయ్యగారి చదువు ఇచ్చట అక్కరకు వచ్చియుండును.

1903లో వారు డర్బన్ చేరిరి. అదే సంవత్సరము జూన్‌లో అచ్చట వెలువడిన ఇండియన్ ఒపీనియన్ పత్రికలో ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళ భాషలకు చోటు దొరికెను గాని తెలుగునకు దొరకలేదు. ఆ లోటు గల దేశమున 1903 డిసెంబరు 27వ తేదీన, స్టాంగర్ ప్రాంతమునందలి కియర్స్‌నీలో, హ్యూలెట్ దొరగారి తేయాకు తోటల నడుమ, తెలుగు బాప్తిస్టు సంఘము నెలకొల్పబడెను. దక్షిణాఫ్రికాలో భారతీయుల బాప్తిస్టు సంఘములకు అదియే మొదటిది. తెలుగు వేదగ్రంథము, తెలుగు కీర్తనలు వినబడిన చోట తెలుగు అక్షరమును కొంతకాలము నిలిచినది. ఈ మేలు క్రైస్తవులకు మాత్రమే చెందినది కాదు.

ఉత్తర తీరపు తోటలలో సంఘములు క్రమముగా పెరిగెను. ఒప్పందము తీరిన కూలి నేటాలులోనే నిలిచిన యెడల ఏటేట మూడు పౌనుల తలపన్ను చెల్లింపవలసిన దినములవి. ఆ పన్ను 1914లో గాని రద్దు కాలేదు. అట్టివారి కానుకలతోనే ఆ సంఘములు తమ కాళ్లమీద నిలువవలసి వచ్చెను.

1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు రంగయ్యగారు ప్రతినిధిగా వెళ్లిరి. దాదాపు 1,200 మంది ప్రతినిధులలో భారతీయులు వ్రేళ్లపై లెక్కింపదగినవారే.

చివరి కాలము సుఖముగా గడవలేదు. సంఘములలో అభిప్రాయభేదములు పుట్టి చీలిక ఏర్పడెను. తాను నాటిన పని రెండు పాయలగుట చూచుచు 1915లో వారు మరణించిరి. అటుపిమ్మట వారి కుమారుడును ఆ పనియందే ప్రవేశించిరి.