మార్టిన్ లూథరు: ఒప్పుకోలు, ప్రాయశ్చిత్తము, మారుమనస్సు

ఒకే పాపము చేసిన ఇద్దరు మనుష్యులు ఇద్దరు గురువులయొద్దకు పోయి దానిని ఒప్పుకొనిన యెడల, ఒకనికి కొన్ని ప్రార్థనలును, మరియొకనికి అనేక దినముల ఉపవాసమును విధింపబడవచ్చును. ఏ కొలత సరియైనది? తక్కువ పొందినవాడు నిశ్చింతగా నిద్రింపవచ్చునా? ఎక్కువ పొందినవాడు దానిని ముగించిన పిమ్మటనైనను సమాధానము పొందునా? పదునారవ శతాబ్దపు ఆరంభమున జర్మనీ దేశములోని ఒక మఠమున ఒక యువ సన్యాసి ఇట్టి సందేహములతో రాత్రింబగళ్లు వేదనపడెను. ఆయనే మార్టిన్ లూథరు. ఆయన పాపపు ఒప్పుకోలును సంఘమునుండి కొట్టివేసెనని అనేకులు తలంతురు. ఆయన జీవితము అట్లు సాక్ష్యమిచ్చుట లేదు.

లూథరు 1483 నవంబరు 10న ఐస్లెబన్ పట్టణమున జన్మించెను. తండ్రి హాన్స్ రాగి గనుల పనిలో శ్రమించి పైకి వచ్చినవాడు. కుమారుడు న్యాయశాస్త్ర పండితుడు కావలెనని ఆయన కోరిక. లూథరు 1501లో ఎర్ఫర్టు విశ్వవిద్యాలయమున చేరి, 1505లో ఎం.ఏ. పట్టము పొంది, న్యాయశాస్త్రము చదువ నారంభించెను. ఆ సంవత్సరమే జూలై 2న ఇంటినుండి తిరిగి వచ్చుచుండగా స్టోటెర్న్‌హైము గ్రామముచెంత గాలివాన చెలరేగి, సమీపమున పిడుగు పడెను. ఆయన ప్రాణభయముతో పునీత అన్నమ్మకు మొక్కుకొని, సన్యాసి నగుదునని ప్రమాణము చేసెను. జూలై 17న ఎర్ఫర్టులోని అగస్తీను సన్యాసుల మఠములో ప్రవేశించెను. తండ్రి మిక్కిలి కోపించెను. 1507లో లూథరు గురుపట్టము పొందెను.

ఆ కాలపు ఒప్పుకోలు విధానమును కొంత తెలిసికొననిదే ఆయన వేదన మనకు బోధపడదు. ఆరు, ఏడు శతాబ్దములలో ఐర్లండు దేశపు మఠములలో ప్రాయశ్చిత్త గ్రంథములు పుట్టెను. ఏ పాపమునకు ఎన్ని దినములు, ఎన్ని సంవత్సరములు రొట్టెయు నీళ్లును మాత్రమే పుచ్చుకొనవలెనో వాటిలో పట్టికలుగా వ్రాయబడెను. చేసిన పాపము ఒకటేయైనను సామాన్య విశ్వాసికి ఒక కొలత, గురువునకు అంతకంటె కఠినమైన కొలత ఉండెను. కాలక్రమమున సుదీర్ఘమైన ఉపవాసమునకు బదులుగా ప్రార్థనలనో ధనమునో చెల్లించు ఏర్పాటులు వచ్చెను. పిమ్మట 1215లో సమావేశమైన నాలుగవ లాటెరను మహాసభ, ప్రతి విశ్వాసియు సంవత్సరమున కొకసారియైనను తన గురువునొద్ద పాపములు ఒప్పుకొనవలెనని శాసించెను. గురువు నేర్పరియైన వైద్యునివలె రోగి స్థితిని విచారించి తగిన మందు నీయవలెనని కూడ ఆ సభయే బోధించెను. ప్రాయశ్చిత్తములు మనిషి మనిషికి వేరగుటకు ఇదియొక కారణము. ఈ ఉద్దేశము దయగలదే.

అయితే ఈ దయయందే ఒక భయము దాగియుండెను. పశ్చాత్తాపము, ఒప్పుకోలు, ప్రాయశ్చిత్తము అను మూడు భాగములు ఆ సంస్కారమున కవసరమని వేదాంతులు నేర్పిరి. గురువు క్షమాపణ వాక్యము పలికినప్పుడు నిత్యశిక్ష తొలగును. కాని కాలపరిమితిగల శిక్ష మిగిలియుండును. ఇహమున చెల్లింపనిది మరణానంతరము ఉత్తరించు స్థలమున చెల్లింపవలెను. కావున గురువు కనికరించి తేలికైన ప్రాయశ్చిత్తము విధించిన యెడల, మిగిలిన అప్పు ఎంతయో విశ్వాసికి తెలియదు. కొలతలు వేరువేరుగా నున్నచోట నిశ్చయత ఎక్కడ దొరకును?

మఠములో లూథరు ఉపవాసములు, జాగరణములు, చలిలో ప్రార్థనలు చేసి శరీరమును కృశింపజేసికొనెను. అయినను ఆయన ప్రధాన వేదన ప్రాయశ్చిత్తపు బరువునుగూర్చినది కాదు. తాను ఒప్పుకొనిన పాపములు సంపూర్ణముగా ఒప్పుకొంటినా, నా పశ్చాత్తాపము దేవుని ప్రేమనుండి పుట్టినదా లేక శిక్షాభయమునుండి పుట్టినదా అని తన్ను తాను శోధించుకొనుచుండెను. ఒకసారి ఆరు గంటలసేపు ఒప్పుకొనెనని చెప్పుదురు. ముగించి వెలుపలికి వచ్చిన వెంటనే మరచిన పాపమొకటి జ్ఞాపకము రాగా మరల కలతచెందెడివాడు.

ఆయన ఒప్పుకోలు వినినవారిలో యోహాను స్టౌపిట్స్ ముఖ్యుడు. ఈయన జర్మనీలోని అగస్తీను సన్యాసులలో నియమనిష్ఠగల శాఖకు అధిపతి. చిన్న చిన్న దోషములను పోగుచేసి తెచ్చు శిష్యునిచూచి ఆయన ఒక్కొక్కప్పుడు విసుగుకొనెను. అయినను అతనికి మరింత కఠినమైన ప్రాయశ్చిత్తములను విధించుటకు బదులు, క్రీస్తు గాయములవైపు చూడుమని బోధించెను. నిజమైన పశ్చాత్తాపము దేవునియందలి ప్రేమతో ఆరంభమగునుగాని ప్రేమతో అంతమగునది కాదని ఆయనయొద్దనే లూథరు నేర్చుకొనెను. ఆ మాట తనలో బాణమువలె నాటుకొనెనని 1518 మే మాసమున ఆయనకు వ్రాసిన లేఖలో లూథరు కృతజ్ఞతతో తెలిపెను.

1510-11లో మఠపు పనిమీద లూథరు రోమా నగరమునకు పోయెను. అక్కడి ఇరువదియెనిమిది మెట్ల పవిత్ర సోపానమును, ఉత్తరించు స్థలమున నున్న తాత ఆత్మ విడుదల పొందునట్లు, మెట్టు మెట్టునకు ప్రభువు ప్రార్థన చెప్పుచు ఎక్కెను. పైకి చేరిన పిమ్మట ఇది నిజమో కాదో ఎవరికి తెలియునను సందేహము తనకు కలిగెనని చివరి దినములలో ఒక ప్రసంగమున జ్ఞాపకము చేసికొనెను. 1512లో వేదాంతమున డాక్టరు పట్టము పొంది, విట్టెన్‌బర్గు విశ్వవిద్యాలయమున వేదాధ్యాపకుడాయెను. కొలదికాలమునకే ఆ పట్టణపు దేవాలయమున ప్రసంగించు బాధ్యతయు, ప్రజల ఒప్పుకోలు వినెడు బాధ్యతయు ఆయనకు కలిగెను.

1516లో ఎరాస్మస్ పండితుడు గ్రీకు క్రొత్త నిబంధనను, నూతన లాటిను అనువాదముతోను వివరణలతోను బేసెలులో ప్రకటించెను. మత్తయి సువార్త 4:17లో ప్రభువు పలికిన పిలుపు, పాత లాటిను అనువాదమున ప్రాయశ్చిత్తము చేయుడని అర్థమగునట్లుండెను. గ్రీకు మూలపదమైన మెటనోయియా మనస్సు మారుటను సూచించును. విధించిన క్రియను ముగించుట వేరు, మనస్సు మరలుట వేరు. మన తెలుగు బైబిలులోని మారుమనస్సు అను పదము ఆ గ్రీకు పదమునకు ఎంత సమీపమో చదువరులు గమనింపవలెను. ఒక పదము సరిగా తెలియుట ఒక మనుష్యుని బంధకములను విప్పెను.

మరుసటి సంవత్సరము యోహాను టెట్సెల్ పాపపరిహార పత్రములను అమ్ముచు విట్టెన్‌బర్గు సమీపమునకు వచ్చెను. సాక్సనీ ప్రభువు తన సీమలో ఆ విక్రయమును నిషేధించినందున ప్రజలు సరిహద్దు దాటి యూటర్‌బోగు పట్టణమునకు పోయి వాటిని కొనిరి. రాబడిలో సగము రోమాలోని పునీత పేతురు దేవాలయ నిర్మాణమునకు, సగము మైన్స్ ఆర్చిబిషప్పు ఆల్‌బ్రెక్టు ఋణము తీర్చుటకు ఏర్పాటు చేయబడెను. ఇక్కడను కొలతలు వేరువేరే. రాజులు, బిషప్పులు 25 బంగారు గిల్డరులు. మఠాధిపతులు, సామంతులు 10. ఆపై క్రమముగా తగ్గుచు చిన్న వృత్తులవారికి ఒకటి లేక అర. కాసులేని పేదలు ఉపవాసము, ప్రార్థన చేయవలెను. పత్రము కొనినవాడు తన కిష్టమైన గురువును ఎంచుకొని ఒప్పుకొనవచ్చును. అట్టి పత్రములు చేతబట్టుకొని, జీవితము మార్చుకొను తలంపు లేకయే కొందరు లూథరునొద్దకు వచ్చిరనియు, ఆయన వారికి క్షమాపణ ప్రకటింప నిరాకరించెననియు చెప్పబడుచున్నది.

1517 అక్టోబరు 31న ఆయన ఆల్‌బ్రెక్టునకు లేఖ వ్రాసి, దానితో తొంబదియైదు సిద్ధాంత వాక్యములను పంపెను. విశ్వాసి జీవితమంతయు మారుమనస్సుగా నుండవలెననునది మొదటి వాక్యపు సారాంశము. గురువు విధించు ప్రాయశ్చిత్తములు జీవించియున్నవారికే చెందునుగాని మరణించినవారిపై మోపదగవనియు, పూర్వము అవి నిజమైన పశ్చాత్తాపమును పరీక్షించుటకై క్షమాపణ వాక్యమునకు ముందే విధింపబడెడివనియు ఆయన వాదించెను. పేదవానికి సహాయము చేయుట పత్రము కొనుటకంటె మేలైనదని చెప్పెను. ఆ వాదములు త్వరలోనే ఐరోపా నంతటిని కదిలించెను.

1520 డిసెంబరు 10న విట్టెన్‌బర్గు పట్టణ ద్వారమువెలుపల లూథరు పోపు శాసనపత్రమును అగ్నిలో వేసెను. ఆ మంటలో కాలినవాటిలో సంఘ ధర్మశాస్త్ర గ్రంథములతోపాటు, ఒప్పుకోలు వినెడు గురువులు విరివిగా వాడిన సుమ్మా ఆంగెలికా అను గ్రంథమును ఉండెను. మనస్సాక్షిని ధర్మశాస్త్ర సూత్రములతో తూచు పద్ధతిని ఆయన ఆ దినమున తిరస్కరించెను. 1521 జనవరిలో ఆయన వెలివేయబడెను. ఏప్రిలులో వర్మ్సు సభయెదుట నిలిచి, ఆ పిమ్మట వార్ట్‌బర్గు కోటలో దాగియుండి, క్రొత్త నిబంధనను జర్మను భాషలోనికి అనువదించెను.

ఆయన లేని కాలమున విట్టెన్‌బర్గులో కొందరు ఉత్సాహులు ఆచారములన్నిటిని ఒక్కసారిగా కొట్టివేసిరి. ఏకాంతముగా పాపము లొప్పుకొను వాడుకయు మరుగునపడెను. 1522 మార్చిలో లూథరు తిరిగి వచ్చి వరుసగా ఎనిమిది దినములు ప్రసంగించెను. చివరి ప్రసంగము ఒప్పుకోలునుగూర్చినదే. ఎవరినిగాని బలవంతపెట్టరాదని చెప్పుచునే, ఆ ఆదరణనుమాత్రము లోకములోని ఐశ్వర్యమంతటికిని బదులుగా విడువనని ప్రకటించెను. సాతాను శోధనలలో అది తనకెంత బలమిచ్చెనో ఆయనకే తెలియును.

ఆ మాట ఆయన జీవితమున నెరవేరెను. 1527 జూలై 6న తీవ్రమైన ఆత్మవేదనలో, విట్టెన్‌బర్గు కాపరియైన యోహాను బూగెన్‌హాగెనును పిలిపించుకొని తన పాపముల నొప్పుకొని క్షమాపణ వాక్యము వినెను. ఆ సాయంకాలమే కూలిపడి మరణము సమీపించినట్లాయెను. లోకమంతట సంస్కర్తగా పేరు పొందిన పండితుడు తన తోటి సేవకుని యెదుట సామాన్య పాపిగా నిలిచెను.

1529లో వెలువడిన చిన్న ప్రశ్నోత్తరికి ఆయన 1531లో ఒప్పుకోలు పాఠమును చేర్చెను. తండ్రి, తల్లి, కుమారుడు, కుమార్తె, యజమానుడు, దాసి ఎవరి పిలుపునుబట్టి వారు పది ఆజ్ఞల వెలుగులో తమ్మును పరీక్షించుకొనవలెను. పాపము లన్నిటిని లెక్కించి చెప్పవలసిన పనిలేదు. హృదయమున నొచ్చినవాటిని చెప్పిన చాలును. విధింపబడు ప్రాయశ్చిత్తమనునది లేదు. అయితే అధిక భారముచే నలిగినవారిని మరికొన్ని లేఖనములతో ఆదరించుట కాపరి ఎరిగియుండవలెనని ఆయన వ్రాసెను. ఇచ్చటనే గొప్ప మార్పు కానవచ్చుచున్నది. మనిషి మనిషికి భేదముండుట తొలగిపోలేదు. శిక్షయందున్న భేదము ఆదరణయందలి భేదముగా మారెను. క్షమాపణ వాక్యముమాత్రము రాజునకును దాసికిని ఒకటే.

ఆయన తప్పులు లేనివాడు కాడు. హెస్సె ప్రభువు ఫిలిప్పు భార్య జీవించియుండగానే రెండవ వివాహము చేసికొనుటకు 1539 డిసెంబరులో లూథరు, మెలాంక్తన్ రహస్యముగా సమ్మతించిరి. అది బయలుపడినప్పుడు లూథరు దానిని ఒప్పుకోలునందిచ్చిన రహస్య సలహాగా దాచవలెనని పట్టుబట్టి, బొంకైనను మేలనెను. ఆదరించుటకు ఏర్పడిన రహస్యము పాపమును కప్పుటకు వాడబడెను. ప్రాయశ్చిత్తపు కాడిని విరిచినవాడును తప్పిదమున పడగలడని ఇది హెచ్చరించుచున్నది.

1546 ఫిబ్రవరి 18న తాను పుట్టిన ఐస్లెబనులోనే ఆయన నిద్రించెను. మనము బిచ్చగాండ్రమే యను భావము ఆయన చివరి వ్రాతలో కనబడెను. చెల్లింపగలవాడు బిచ్చగాడు కాడు. ఇచ్చువాని దయవలన బ్రదుకువాడే బిచ్చగాడు.

1551లో ట్రెంటు మహాసభ, గురువులు పాపముయొక్క స్వభావమునుబట్టియు ఒప్పుకొనువారి శక్తినిబట్టియు తగిన ప్రాయశ్చిత్తములు విధింపవలెనని స్థిరపరచెను. అది పాత పాపమునకు శిక్ష మాత్రమేగాక క్రొత్త జీవమునకు కాపుదలయు మందును అని ఆ సభ తెలిపెను. 1999లో ఆగ్స్‌బర్గున కతోలిక, లూథరను సంఘములు, మనుష్యుడు కృపవలననే నీతిమంతుడుగా తీర్చబడునను విషయమున ఉమ్మడి ప్రకటనపై సంతకములు చేసినవి. నాటి వైరమును మనము మోయ నవసరము లేదు.

లూథరు సంప్రదాయమునకు మన భాషతో పాత బంధముకూడ కలదు. బెంజమిను షుల్ట్జ్ మిషనెరీ సిద్ధపరచిన తెలుగు చిన్న ప్రశ్నోత్తరి 1746లో జర్మనీలోని హాలె పట్టణమున అచ్చు పడెను. తెలుగున అచ్చయిన తొలి పుస్తకములలో అది యొకటి. 1842లో హయ్యరు దొర గుంటూరునకు వచ్చిన పిమ్మట ఆ సంప్రదాయము ఆంధ్రమున వేరూనెను.

ప్రతి ఆదివారము మన ఆరాధనలలో అందరును కలిసి పాపము లొప్పుకొందుము. నోరు పలుకుచుండగా హృదయము మరియొకచోట తిరుగుచుండవచ్చును. ప్రాయశ్చిత్తము విధించువారు లేరను ధైర్యముతో పాపమును తేలికగా చూచుట, యూటర్‌బోగునుండి పత్రముతో తిరిగి వచ్చినవాని స్థితియే. మరొకప్రక్క, క్షమింపబడిన పాపమునకు లోలోపల తానే శిక్ష విధించుకొనుచు కుమిలిపోవు విశ్వాసులు ఉన్నారు. మొదటివానికి లూథరు మారుమనస్సు బోధించును. రెండవవానిని నమ్మకమైన సహోదరునియొద్దకు, కాపరియొద్దకు పంపి, క్షమాపణ వాక్యమును చెవులార వినుమని చెప్పును. ప్రాయశ్చిత్తమునకు కొలత ఎంతయని అడిగినవానికి దేవుడు కొలతను చూపలేదు, సిలువను చూపెను.