మద్రాసులో మహాకవి, మనసులో సోవియట్

తెలుగు కవితను శ్రామికుని వాకిటికి నడిపించిన మహాకవి శ్రీశ్రీ. అసలు పేరు శ్రీరంగం శ్రీనివాసరావు. 1910లో విశాఖపట్నంలో జన్మించిన ఆయన జీవితంలో అధికభాగం మద్రాసు నగరంతోనే పెనవేసుకున్నది. 1931లో మద్రాసు విశ్వవిద్యాలయ పట్టభద్రులైనారు. 1938లో అదే నగరంలో ఆంధ్రప్రభ దినపత్రికలో ఉపసంపాదకులుగా చేరారు.

అది ఆర్థిక మాంద్యం కుదిపివేసిన కాలం. చదువుకున్నవారికి కొలువులు లేవు, కష్టపడేవారికి కూడు లేదు. అట్టి వేళ కార్మికులే ఏలుతున్నారన్న సోవియట్ దేశం ఎందరో యువకులకు ఆశాజ్యోతిగా కనిపించింది. 1941 జూన్‌లో హిట్లర్ సేనలు ఆ దేశంపై దండెత్తగా శ్రీశ్రీ కలం ‘గర్జించు రష్యా’ అని ఎలుగెత్తింది. 1950లో ‘మహాప్రస్థానం’ గ్రంథరూపం దాల్చింది.

అయితే కవిత్వం కడుపు నింపలేదు. 1950లోనే ‘ఆహుతి’తో డబ్బింగ్ చిత్రాలకు మాటలు, పాటలు వ్రాయసాగారు. సరిహద్దు పల్లెల టూరింగ్ టాకీసుల్లో మారుమ్రోగిన ఆయన పాటలెన్నో మద్రాసులో పొట్టకూటికై పుట్టినవే. ‘అల్లూరి సీతారామరాజు’ (1974) గీతానికి జాతీయ పురస్కారం సైతం లభించింది.

‘ఖడ్గసృష్టి’ కావ్యానికి సోవియట్ భూమి నెహ్రూ పురస్కారం వరించింది. అయినా ఆ గౌరవం ఆయనను కట్టివేయలేదు. 1970లో విప్లవ రచయితల సంఘానికి తొలి అధ్యక్షులైనారు. ఆ సంఘం అభిమానించిన నక్సల్బరీ పంథా నాటి సోవియట్ నాయకత్వాన్ని తీవ్రంగా నిరసించినది. తాను కొలిచిన దేశంకన్న తాను నమ్మిన పేదవాని పక్షమే ఆయనకు మిన్న.

1983 జూన్ 15న మద్రాసులో శ్రీశ్రీ కన్నుమూశారు. మరి ఎనిమిదేండ్లకు, 1991 డిసెంబరులో, సోవియట్ యూనియన్ అంతరించింది. స్టాలిన్ కాలపు కరవులు, నిర్బంధ శిబిరాల వాస్తవాలు లోకానికి మరింతగా వెల్లడైనవి. చవకగా దొరికిన రష్యన్ బొమ్మల పుస్తకాలు నేడు పెద్దల జ్ఞాపకాలలో మిగిలినవి.

దేశం పోయినా కవిత నిలిచింది. కారణం ఒక్కటే. ఆయన పద్యాలలో ఉన్నది రష్యా పటం కాదు, మన పొలాల్లో, మన రోడ్ల మీద చెమటోడ్చే కూలివాని ఆకలి. ఆ ఆకలి తీరేవరకు శ్రీశ్రీ పాతబడడు.