పొగకు దారి చూపిన కౌంటు రంఫర్డు

కృష్ణాతీరపు పల్లెలలో మీ అమ్మమ్మలు తడిసిన కట్టెలను ఊదుగొట్టముతో ఊదుచు, పొగకు కన్నులు తుడుచుకొనుచు వంట చేసిన సంగతి మీరు వినియేయుందురు. ఈ బాధకు విరుగుడు వెదకిన శాస్త్రజ్ఞులలో కౌంటు రంఫర్డు ముఖ్యుడు.

ఇతని మొదటి పేరు బెంజమిన్ థాంప్సన్. 1753వ సంవత్సరమున అమెరికాలోని వోబర్ను గ్రామమున జన్మించెను. పసితనముననే తండ్రి గతించెను. యౌవనమున, పూర్వము రంఫర్డు అని పిలువబడిన కాంకర్డు పట్టణమున, బడిపంతులుగా నుండెను. అమెరికా స్వాతంత్ర్య సమరమున ఆంగ్లేయుల పక్షము వహించి, భార్యను పసికూతును విడిచి ఇంగ్లాండునకు పోయెను. ఇది యతని జీవితమున మాయని మచ్చ.

పిమ్మట జర్మనీలోని బవేరియా ప్రభువు కొలువున చేరెను. 1790వ సంవత్సరమున మ్యూనిచ్ నగరపు బిచ్చగాండ్రకు పనియు అన్నమును కల్పించు శాలను నెలకొల్పెను. వందలకొలది జనులకు వండవలసి వచ్చుటచే కట్టెల ఖర్చుపై అతని దృష్టి పడెను. ఎన్ని కట్టెలకు ఎంత నీరు కాగునో తూచి, కొలిచి, మంటను ఇటుకలతో మూసి, లోనికి వచ్చు గాలిని మితపరచెను. ఆ దేశమున లభించిన కౌంటు బిరుదునకు తాను పంతులుగా నున్న ఊరి పాతపేరునే చేర్చుకొనెను.

1796లో పొగగొట్టములను గూర్చి వ్యాసము ప్రకటించెను. లండను ఇండ్లలో చలికాచుకొను పొయ్యిలకు గొట్టపు కంఠము మిక్కిలి వెడల్పుగా నుండుటచే, గదిలోని వేడి పైకి పోవుచు, పొగ మరల గదిలోనికి వచ్చుచుండెను. అతడా కంఠమును సుమారు నాలుగంగుళములకు కుదించి, పొయ్యి ప్రక్కగోడలను ఏటవాలుగా కట్టించెను. వేడిపొగ తేలిక గనుక తిన్నగా పైకెగసిపోయెను. 1799లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ స్థాపనకు కారకుడై, 1814లో పారిసు చెంత మరణించెను.

మన తెలుగునాటను ఈ కృషి జరిగినది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన ఎస్. పి. రాజుగారు పొగగొట్టముగల మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో పొగలేని వంటిండ్లను గూర్చి గ్రంథము ప్రకటించిరి.

నేడు విజయవాడ ఇండ్లలో గ్యాసు మండుచున్నది, పొగ కానరాదు. అంతమాత్రమున ప్రమాదము తొలగినదని యెంచరాదు. మూసిన స్నానపుగదిలో గ్యాసుతో నీరు కాచు గీజరును వెలిగించినచో, గాలి చాలక, రంగును వాసనయు లేని కార్బన్ మోనాక్సైడు పుట్టును. అది మనుష్యుని మత్తులో ముంచి ప్రాణము తీయును. కావున గీజరు గొట్టము ఇంటి వెలుపలికి పోవలెను. దానిలో పిచ్చుకగూడు అడ్డుపడరాదు. గాలి వచ్చు కిటికీని మూయరాదు.

పొయ్యి మారినను రంఫర్డు పాఠము మారలేదు. మంటకు లోనికి గాలియు, మండినదానికి వెలుపలికి త్రోవయు కావలెను. ఈ సాయంకాలము మీరు ఇంటికి పోయి, ఆ రెండు దారులును తెరచియున్నవో లేవో చూడుడు.